ఇస్సాకు మూడో బావి



మేము సైటులో పని చేసేవాళ్లం కాదు. ఆఫీసులో కూర్చుని టైమ్‌షీట్లు రాసేవాళ్లం, వీసా కాగితాలు టైపు చేసేవాళ్లం, క్యాంపు రిజిస్టర్లు సర్దేవాళ్లం. అందుకని మన గొడవలు మాకు ఎక్కువగా కాగితాల మీదే కనిపిస్తాయి. రూము మార్చమని ఇచ్చే అర్జీలో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అందులో మనవాళ్లు రాయించేవి చదివితే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది. ఏసీ పద్దెనిమిదిలో పెడుతున్నాడు. తెల్లవారుజామున మూడింటికి అలారం మోగిస్తాడు, తను మాత్రం లేవడు. నా తవా మీద చేపలు వేయించాడు. మా హీరోని తిట్టాడు. మెస్ లెక్కలో 20 దిర్హాములు తేడా వచ్చింది. రాత్రి పదకొండు దాకా ప్రార్థన పాటలు పెడుతున్నాడు, నిద్ర పట్టడం లేదు.

చివరిది కూడా ఉన్నదున్నట్టే రాశాం. గొడవ పెట్టేది ఎప్పుడూ అవతలివాడే అనుకోవడం మనందరికీ అలవాటు. దేవుని బిడ్డలం అని చెప్పుకునే మనవల్ల కూడా పక్క బెడ్డువాడికి ఇబ్బంది కలుగుతుందని ఆ అర్జీ చెబుతోంది.

రెండేళ్ల కిందట జరిగిన ఒక సంగతి చెబుతాం. పేర్లూ ఊళ్లూ వద్దు. పొద్దున్నే ఐదింటికి బస్సు. ఆ వేళకు బాత్‌రూముల దగ్గర క్యూ ఉంటుందని ఒక తమ్ముడు రాత్రే బకెట్ నింపి మంచం కింద పెట్టుకునేవాడు. ఒకరోజు ఆ నీళ్లతో రూములో పెద్దాయన స్నానం చేసేశాడు. ‘ఎవరినడిగి పోసుకున్నావు’ అని తమ్ముడన్నాడు. ‘నీళ్లు నీ బాబు సొమ్మా’ అని పెద్దాయన అన్నాడు. అక్కడి నుంచి మాట అమ్మల మీదికి పోయింది. ఒక తోపు. పెద్దాయన తల మంచం ఇనుపకోడుకు తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి. దెబ్బ ఎలా తగిలిందని ఆసుపత్రిలో అడిగారు, విషయం పోలీసుల దాకా వెళ్లింది. తమ్ముడి ఉద్యోగం పోయింది. కేసు తేలేదాకా ఇంటికి పోవడానికీ లేదు. ఇంటి దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంది. ఆ తర్వాత పెద్దాయనే వెళ్లి రాజీ కాగితం మీద సంతకం పెట్టాడు. కానీ పోయిన ఉద్యోగం సంతకంతో తిరిగి రాలేదు. ఇంతా చేసి ఒక బకెట్ నీళ్లు.

ఇక్కడి చట్టం సంగతి తెలియనివాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఎమిరేట్స్‌లో ఇప్పుడున్న కార్మిక చట్టం 2021లో వచ్చిన 33వ నంబరు ఫెడరల్ డిక్రీ. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమలులో ఉంది. పనిలో యజమాని మీద గానీ, పై అధికారి మీద గానీ, తోటి పనివాడి మీద గానీ మాటతోనో చేతితోనో దాడి చేస్తే నోటీసు లేకుండానే పనిలోంచి తీసేయవచ్చని అందులో 44వ అధికరణం చెబుతోంది. చేతితోనే కాదు, మాటతో కూడా అని గమనించండి.

నీళ్ల కోసం గొడవ పాతదే

నీళ్ల కోసం వలసవాళ్లకు గొడవ రావడం ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. బైబిలులో ఆదికాండము 26వ అధ్యాయం తీసి చూడండి. ఇస్సాకు కథ ఉంటుంది. అబ్రాహాము గురించి, యాకోబు గురించి ప్రసంగాలు ఎక్కువ వింటాం. మధ్యలో ఉన్న ఇస్సాకు నెమ్మదస్తుడు కాబట్టి అంతగా లెక్కలోకి రాడు. కానీ క్యాంపులో ఉండేవాళ్లకు ఆయన కంటే దగ్గరి చుట్టం లేడని మాకు అనిపిస్తుంది.

దేశంలో కరువొచ్చింది. ఇస్సాకు గెరారుకు వచ్చాడు. అది ఫిలిష్తీయుల రాజ్యం. ఊరు తనది కాదు, భాష తనది కాదు, రాజు తనవాడు కాడు. అయినా కష్టపడ్డాడు. విత్తిన గింజకు నూరంతలు పండింది. పరాయివాడు బాగుపడుతుంటే ఊరివాళ్లకు కన్ను కుట్టింది. అతని తండ్రి కాలంలో తవ్విన బావులను మట్టితో పూడ్చేశారు. చివరికి రాజే పిలిచి, మా దగ్గర్నుంచి వెళ్లిపొమ్మన్నాడు.

ఇస్సాకు వెళ్లి లోయలో దిగాడు. అతని పనివాళ్లు బావి తవ్వారు, ఊట పడింది. వెంటనే గెరారు కాపరులు వచ్చి నీళ్లు మావి అన్నారు. ఇస్సాకు ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి వదిలేశాడు. ఏశెకు అంటే జగడం. రెండో బావి తవ్వారు. దానికీ గొడవే. దానికి శిత్నా అని పేరు పెట్టాడు. అంటే పగ. దాన్నీ వదిలి ఇంకొంచెం ముందుకు వెళ్లి మూడో బావి తవ్వించాడు. దానికోసం ఎవరూ రాలేదు. రెహోబోతు అన్నాడు. అంటే విశాలమైన చోటు.

ఈ కథలో రెండు మూడు సంగతులు జాగ్రత్తగా చూడాలి. ఆ రోజుల్లో బావి తవ్వడమంటే మిషను పెట్టి ఒక పూటలో బోరు వేయడం కాదు. ఎండలో రాయి పగలగొట్టాలి. ఆ బాధ మన సైటు సోదరులకు ఒకరు చెప్పక్కర్లేదు. అంత కష్టపడి తవ్విన బావిని వదలమంటే ఇస్సాకు పనివాళ్లు ఎంత గొణుక్కుని ఉంటారో ఊహించుకోవచ్చు. న్యాయం కూడా ఇస్సాకు వైపే ఉంది. అయినా వదిలాడు.

రెండో సంగతి. ఇస్సాకు బావిని వదిలాడు గానీ నీళ్లను వదల్లేదు. నాకెందుకులే అని దాహంతో కూర్చోలేదు. మళ్లీ గునపం పట్టించాడు. మన గల్ఫు భాషలో ‘ఖల్లీవల్లీ’ అంటుంటాం. పోతే పోనీ అని. దానిలో నిర్లక్ష్యం ఉంది, లోపల మంట ఉంది. పైకి ఖల్లీవల్లీ అంటాం, రాత్రి మంచం మీద పడుకుని ఆ మాటే తిరగేసుకుంటాం. ఇస్సాకు చేసింది అది కాదు. గొడవకు పోయే బలాన్ని తవ్వకానికి మళ్లించాడు.

మూడో సంగతి ఆ అధ్యాయం చివర్లో ఉంది. వెళ్లిపొమ్మన్న రాజు అబీమెలెకే తన సేనాధిపతిని వెంటబెట్టుకుని ఇస్సాకును వెతుక్కుంటూ వచ్చాడు. ఒప్పందం చేసుకుందాం అన్నాడు. నన్ను పగబట్టి పంపించారు కదా, ఇప్పుడెందుకొచ్చారని ఇస్సాకు సూటిగా అడిగాడు. అడగాల్సింది అడిగి, తర్వాత భోజనం పెట్టాడు. గొడవ వద్దనుకున్నవాడు నోరు లేనివాడని అనుకోకూడదు.

ఏ బావి వదలాలి?

అలాగని అన్నీ వదిలేయమని మేము చెప్పడం లేదు. మా టేబుల్ మీదికి వచ్చే గొడవలను చూస్తే అవి మూడు రకాలు. మూడింటికీ ఒకటే మందు పనికిరాదు.

మొదటి రకం, గెలిచినా ఏమీ రానివి. ఏ హీరో సినిమా ఎంత వసూలు చేసింది, ఏ పార్టీ గొప్పది, రాష్ట్రం విడిపోవడం వల్ల ఎవరికి నష్టం. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. ఆ పంపకాల సంగతి రెండు ప్రభుత్వాలూ కోర్టులూ చూసుకుంటాయి. కరీంనగర్ అన్నా, కోనసీమ తమ్ముడూ సోనాపూర్ క్యాంపులో గ్లాసులు విసురుకున్నంత మాత్రాన కృష్ణా నీళ్లు ఒక చుక్క కూడా అటూ ఇటూ మారవు. పౌలు యువకుడైన తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో ఇలాంటి పనికిమాలిన వాదాల జోలికే పోవద్దని హెచ్చరించాడు. అవి జగడాలను కంటాయన్నది ఆయన అనుభవం. ఇలాంటి బావి దగ్గర కూర్చోవడమే అనవసరం. లేచి బట్టలు ఉతుక్కోండి, ఇంటికి ఫోను చేయండి.

సామెతల గ్రంథం 17వ అధ్యాయంలో జగడం మొదలవడాన్ని నీళ్లకు దారి వదలడంతో పోల్చారు. చెరువు కట్టకు గండి పడితే ఏమవుతుందో మన పల్లెల్లో పుట్టినవాళ్లకు తెలుసు. మొదట బొటనవేలంత కన్నం. అప్పుడు ఒక తట్టెడు మట్టి చాలు. గంట ఆగితే ఊరంతా వచ్చినా ఆగదు. మాట గొడవలో ఆ తట్టెడు మట్టి వేయాల్సింది ‘నీ బాబు’ అనే మాట రాకముందే. అది వచ్చేసిందంటే కట్ట తెగినట్టే.

ఒంటరిగా మాట్లాడాల్సినవి

రెండో రకం, వదిలేస్తే లోపల కుళ్లేవి. అప్పిచ్చిన డబ్బు, మెస్ లెక్క, పోయిన ఫోను మీద అనుమానం, ఊళ్లో మన ఇంటి గురించి వేసిన పుకారు. వీటిని మింగి కూర్చుంటే నాలుగు నెలల తర్వాత వేరే రూపంలో బయటికొస్తాయి. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు దీనికి వరస చెప్పాడు. తప్పు చేసిన సోదరుడి దగ్గరకు ముందు నువ్వొక్కడివే వెళ్లు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు.

మనం చేసేది దీనికి తలకిందులు. ముందు రూమంతటికీ చెబుతాం, తర్వాత మెస్‌లో చెబుతాం, ఊళ్లో వాళ్లావిడకు తెలిసేలా చేస్తాం. అందరికీ తెలిశాక చివర్న అతనికి తెలుస్తుంది. నలుగురిలో పరువు పోయినవాడు తప్పు ఒప్పుకోడు, అతని తప్పు కాకపోయినా సరే, అయినా సరే.

ఎనిమిది మంది ఉండే రూములో ఒంటరిగా మాట్లాడడం ఎలా అని మీరడగవచ్చు. నిజమే, గోడకు కూడా చెవులున్న చోటది. కానీ బకాలా దాకా నడవడానికి పది నిమిషాలు పడుతుంది. ‘అన్నా, సిమ్ రీచార్జి చేయించుకోవాలి, కాస్త తోడొస్తావా’ అని పిలవండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే కళ్లల్లోకి చూసి మాట్లాడే తీవ్రత ఉండదు. నిందతో కాకుండా ప్రశ్నతో మొదలుపెట్టండి. ‘నా 200 ఎగ్గొట్టావు’ అనే బదులు ‘ఆ 200 సంగతి మనిద్దరం ఎలా అనుకున్నాం?’ అనండి. డ్యూటీ నుంచి వచ్చిన మొదటి అరగంటలో, ఆకలి మీద ఉన్నప్పుడు అసలు వద్దు. తిన్నాక మాట్లాడండి.

కోపం పెట్టుకుని పొద్దు గుంకనీయవద్దని పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో చెప్పాడు. నైట్ డ్యూటీ సోదరులు మాకు పొద్దు పొడుస్తుంది కదా అని తప్పించుకోవద్దు. పడుకునే ముందు అని అర్థం చేసుకుంటే చాలు.

మెస్ గొడవకు అయితే అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో చక్కటి పరిష్కారమే దొరుకుతుంది. యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పంచేవారు. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు సరిగ్గా అందడం లేదని ఫిర్యాదు వచ్చింది. ఒకే విశ్వాసం, రెండు భాషల వాళ్లు, మధ్యలో అన్నం. మన మెస్ లాంటిదే. అపొస్తలులు మీరు అబద్ధమాడుతున్నారని దబాయించలేదు. మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండి అన్నారు. ఆ ఏడుగురి పేర్లు అక్కడ ఉన్నాయి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసిన వైపు వాళ్లకే గరిటె అప్పగించినట్టు కనిపిస్తుంది. మీ మెస్‌లో లెక్క తేలడం లేదని ఎవరైనా అంటే వచ్చే నెల లెక్కల పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి. గోడ మీద కాగితం అంటించి ఏ రోజు ఏం కొన్నారో రాయించండి. సగం గొడవలు ఆ కాగితంతోనే పోతాయి.

వదలకూడనివి

మూడో రకం, వదలకూడని బావులు. జీతం నెలల తరబడి రాకపోవడం, పాస్‌పోర్టు కంపెనీ తన దగ్గర పెట్టుకోవడం, వేసవిలో మధ్యాహ్నం ఎండలో పని చేయించడం. ఇక్కడ క్రైస్తవుడివి కదా, సర్దుకుపో అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. సమాధానంగా బతకమని రాసిన పౌలే, తన కేసులో న్యాయం జరగదని అనిపించినప్పుడు కైసరు ఎదుటే చెప్పుకుంటానని అప్పీలు చేసుకున్నాడు. ప్రధానయాజకుడి ముందు నిలబెట్టి బంట్రోతు చెంప మీద కొడితే, యేసు ప్రభువు తిట్టలేదు. నేను తప్పు మాట్లాడితే అదేంటో చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. తిట్టకుండా నిలదీయడమంటే అదీ.

అయితే నిలదీసే చోటు ఫోర్‌మన్ కాలరు కాదు. 2009 నుంచి ఇక్కడ జీతాలు బ్యాంకు ద్వారా చెల్లించే వేజ్ ప్రొటెక్షన్ సిస్టం ఉంది. ఎవరికి జీతం పడలేదో ప్రభుత్వానికి కనిపిస్తుంది. మానవ వనరులు, ఎమిరేటైజేషన్ మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయవచ్చు. 2024 జనవరి 1 నుంచి 50,000 దిర్హాములు దాటని వివాదాల్లో ఆ శాఖే నిర్ణయం చెప్పగలదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో ఆరుబయట పని నిషేధం. పనివాడి పాస్‌పోర్టు పట్టి ఉంచడం చట్టవిరుద్ధం. దారి తెలియకపోతే దుబాయిలో మన కాన్సులేటు తరఫున ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం ఉంది. ఫోర్‌మన్‌ను కొడితే మీ న్యాయమైన కేసు పక్కకు పోతుంది, మీ మీద కొత్త కేసు ముందుకొస్తుంది. జీతం రాక అలిసిపోయినవాడికి చెయ్యి లేవడం ఎంత సులువో మాకు తెలుసు. అందుకే చెబుతున్నాం.

దేవుడి పేరు మీద గొడవ

మత వాదనల గురించి కూడా ఒక మాట. రూములో హిందూ సోదరులుంటారు, ముస్లిం సోదరులుంటారు. వాదనలో గెలిచి ఎవరినీ దేవుడి దగ్గరకు తేలేం. నమ్మకం గురించి ఎవరైనా అడిగితే సాత్వికంతో, మర్యాదతో జవాబు చెప్పమని పేతురు తన మొదటి పత్రికలో రాశాడు. అడిగితే అని ఉంది. అడగనివాడి మంచం మీద కూర్చుని వాళ్ల దేవుళ్లను తక్కువ చేయడం సువార్త కాదు. పైగా మతాలను కించపరచడం ఈ దేశంలో నేరం. 2015లో దీనికోసం ప్రత్యేక చట్టం తెచ్చారు, 2023లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. గట్టిగా పాడుకోవాలనిపిస్తే ఊద్ మేథాలో, జబల్ అలీలో చర్చీలున్నాయి. రూములో ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. పక్క మంచం మీదివాడి నిద్రను గౌరవించడం కూడా సాక్ష్యమే.

ఇదే జాగ్రత్త ఫోను దగ్గర కూడా. కోపంలో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి తిట్టేవాళ్లు చాలామంది. నోటితో తిడితే గాలిలో కలుస్తుంది, ఫోనులో తిడితే రుజువై ఉంటుంది. 2021లో వచ్చిన 34వ నంబరు ఫెడరల్ డిక్రీ ప్రకారం ఇంటర్నెట్ ద్వారా ఇతరులను దూషిస్తే జైలు గానీ, 2,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మన జీతాలతో అది ఎన్నేళ్ల కష్టమో లెక్క వేసుకోండి. వినడానికి తొందరపడు, మాట్లాడడానికి నిదానించు అనే అర్థంలో యాకోబు చేసిన హెచ్చరిక మెసేజ్ పంపే బటన్‌కు కూడా వర్తిస్తుంది.

విడిపోయినా సరే

ఎంత చేసినా కొందరితో కుదరదు. అప్పుడు రూము మారడం పాపమేమీ కాదు. పౌలు, బర్నబా అంతటివాళ్లే మార్కు అనే కుర్రాడిని వెంట తీసుకెళ్లాలా వద్దా అని గట్టిగా పట్టుబట్టుకుని, చెరో దారిన విడిపోయారు. పౌలుకు ఆ కుర్రాడు వద్దు. కానీ ఏళ్లు గడిచాక పౌలు ఖైదులో ఉండి తిమోతికి రాసిన ఉత్తరంలో, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అనే భావంతో రాశాడు. మధ్యలో ఎవరు ముందు మాట్లాడారో, ఎలా కలిశారో బైబిలు చెప్పదు. తలుపు మాత్రం పూర్తిగా మూసుకోలేదని తెలుస్తుంది. రూము మారినా ఎదురుపడినప్పుడు ‘బాగున్నావా అన్నా’ అనే మాట ఆపకుండా ఉంటే అంతే చాలు.

ఊళ్లో అయితే గొడవ పడినా అన్నదమ్ములు, మేనమామలు, కులపెద్దలు ఎవరో ఒకరు మధ్యలో దూరి సర్దుతారు. ఇక్కడ ఆ పెద్దలు లేరు. జ్వరం వస్తే మాత్ర తెచ్చేది, ఇంటి నుంచి చావు కబురు వస్తే పక్కన కూర్చునేది, టికెట్టుకు తలా కొంత వేసేది ఆ రూములో ఉన్నవాళ్లే. ఏసీ రిమోట్ కోసం వాళ్లను పోగొట్టుకోవద్దు.

మీరు మాట మానేసిన మనిషి ఒకరైనా మీ బ్లాకులో ఉండే ఉంటారు. ఈ సెలవు రోజున రెండు కరక్ చాయ్‌లు తీసుకుని అతని దగ్గరకు వెళ్లండి. పాత సంగతి ఎత్తకపోయినా ఫర్వాలేదు. ఒక కప్పు చేతికిచ్చి, ఇంటి దగ్గర పిల్లలెలా ఉన్నారని అడగండి. తీసుకోకపోతే చాయ్ అక్కడ పెట్టి రండి, వచ్చే వారం మళ్లీ వెళ్లండి. ఇస్సాకుకు కూడా మొదటి బావిలోనే సమాధానం దొరకలేదు.

ప్రభువు మీ అందరికీ తోడై ఉండును గాక.